కోళ్ళకు కొక్కెర తెగులు: సూది యెప్పుడు, యెలా?



నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి. పశువైద్యుణ్ణి కాను. నా పనంతా వరి చేలగట్ల మీదనే. అయినా ఉప్పాడ, కొత్తపల్లి వైపు యే యింటి అరుగు మీద కూర్చున్నా సరే, మగవారు దోమపోటు సంగతీ యూరియా సంగతీ అడగటం ముగించాక, గుమ్మం లోపలినుంచి ఒక ప్రశ్న వస్తుంది. "బాబుగారూ, నిన్నటిదాకా బాగానే తిరిగిన పెట్టండి. పొద్దున్న చూస్తే మెడ వాల్చేసింది. యేదైనా బిళ్ళ వుంటే చెప్దురూ." బిళ్ళ లేదని చెప్పటం కష్టంగానే వుంటుంది. కాని నిజం అదే. బిళ్ళ లేదు, సూది వున్నది. ఆ సూది కూడా రోగం వచ్చాక వేసేది కాదు. యీ పూట ఆ సంగతి కొంచెం నిదానంగా చెప్పుకుందాము.

నాలుగు నాటు కోళ్ళ కోసం యింత మాట యెందుకని కొందరు అనవచ్చు. ఉప్పాడవారికి ఆ అనుమానం రాదు. ఆ ఊళ్ళో ఒక వైపు సముద్రపు వేట, మరొక వైపు జాందానీ మగ్గం. తూర్పు తీరమంతటా యేటా యేప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. ప్రభుత్వం భృతి యిస్తుంది, నిజమే. అది చేతికందే రోజూ యింట్లో బియ్యం నిండుకునే రోజూ ఒకటే కావాలని లేదు గదా! మగ్గం మీద చీర దిగటానికి వారాలు పడుతుంది. ఆ మధ్యలో పిల్లవాడికి జ్వరం వచ్చినా, చుట్టం వచ్చినా, దుకాణం బాకీ తీర్చవలసి వచ్చినా గంప కిందనుంచి ఒక పుంజు బయటికి వస్తుంది. మన నాటు పెట్ట యేడాదికి పెట్టే గుడ్లు 50, 60కి మించవు. ఫారం పెట్ట 300 పెడుతుంది. అయితే ఫారం పెట్టకు దాణా కొనాలి. యీ పెట్ట పెంట మీది పురుగులు, చేపలు కోసిన చోట తుక్కు, కంచంలో మిగిలిన మెతుకులు తిని పెరుగుతుంది. పెట్టుబడి లేని రొక్కమన్నమాట. ఆ రొక్కం చాలా యిళ్ళలో యిల్లాలి చేతిలోనే వుంటుంది గనుక, కోళ్ళు చచ్చిన నష్టం యే లెక్కల పుస్తకంలోకీ యెక్కదు.

చిక్కేమిటంటే, తెగులు విరుచుకుపడేది కూడా తరచుగా ఆ యెండాకాలంలోనే. చేతిలో వేట లేని రోజుల్లోనే గంపకూడా ఖాళీ అవుతుంది.

యీ జబ్బును మనం కొక్కెర తెగులు అంటాము. పుస్తకాల్లో రాణీఖేత్ వ్యాధి అని రాస్తారు. రాణీఖేత్ హిమాలయాల్లో కుమావూ కొండల మీది ఊరు, యిప్పటి ఉత్తరాఖండ్ రాష్ట్రంలో వున్నది. మన దేశంలో యీ జబ్బును మొదట 1927లో అక్కడ గుర్తించారు. అంతకు ఒక యేడాది ముందు, 1926లో, జావా దీవిలోనూ ఇంగ్లండులో న్యూకాసిల్ అనే రేవుపట్నం దగ్గరా యిదే జబ్బు బయటపడింది. అందుకని బయటి దేశాలవారు దీన్ని న్యూకాసిల్ వ్యాధి అంటారు. పేర్లు మూడైనా కారణం ఒక్కటే. అది వైరస్. బాక్టీరియా మీద పనిచేసే పెన్సిలిన్ గాని టెట్రాసైక్లిన్ గాని దాని జోలికి పోవు. దుకాణంలో యిచ్చిన రెండురంగుల గొట్టం బిళ్ళ విప్పి ఆ పొడిని కోడి నోట్లో పోయటం నేను చాలా యిళ్ళలో చూశాను. వెల్లుల్లి, పసుపు, మిరియం నూరి పోసేవారూ వున్నారు. వాటివల్ల తెగులుకు యే లోటూ రాదు. ఒక్కొక్కప్పుడు బతికిన కోడిని చూపించి మందు పనిచేసిందంటారు. యే మందూ పోయకపోయినా నూటికి కొన్ని బతుకుతాయండి. వాటిలోనూ కొన్నింటికి మెడ వంకర అలాగే వుండిపోతుంది.

లక్షణాలు మీకు తెలిసినవే, అయినా వరుసగా చెప్పుకుంటే మంచిది. మొదట కోడి మేత మానేసి, రెక్కలు వేలాడేసి, కళ్ళు మూసుకుని మూల నిలబడుతుంది. గొంతులో గురగుర, తుమ్ము, నోరు తెరిచి గాలి పీల్చటం. ఆకుపచ్చా తెలుపూ కలిసిన నీళ్ళ విరేచనం. కొన్ని రోజులు నిలదొక్కుకున్నవాటికి కాళ్ళు పడిపోతాయి, మెడ తిరిగిపోతుంది, గిరగిర తిరిగి పడతాయి. గుడ్లుపెట్టే పెట్ట గుడ్డు మానేస్తుంది, పెట్టినా తోలుగుడ్డు పెడుతుంది. సూది యెరగని మందలో గట్టి రకం వైరస్ పడితే నూటికి 90 పోయినా ఆశ్చర్యం లేదు.

యిక్కడ ఉప్పాడకు సంబంధించిన ఒక మాట. రేవుల్లో వుప్పుచేప ఆరబెట్టే చోట కోళ్ళు తిరుగుతాయి. వుప్పు యెక్కువగా తిన్న కోడి విపరీతంగా నీళ్ళు తాగుతుంది, నీళ్ళ విరేచనం పెడుతుంది, తూలి పడి చస్తుంది. దాన్ని చూసి కొక్కెర వచ్చిందని అల్లరి అవుతుంది. తేడా చెబుతాను. వుప్పు తగిలితే ఆ చేప తిన్న కోళ్ళకే తగులుతుంది, అక్కడితో ఆగిపోతుంది. కొక్కెర అయితే యీ రోజు ఒకటి, యెల్లుండి నాలుగు, వారం తిరిగేసరికి పక్క వీధి.

తెగులు పాకటం యిలా వుంటుంది. వైరస్ కోడి ఒంట్లో ప్రవేశించిన తరువాత లక్షణాలు బయటపడటానికి సాధారణంగా అయిదారు రోజులు పడుతుంది. రెండు రోజుల్లో బయటపడవచ్చు, పదిహేను రోజులు కూడా పట్టవచ్చు. ఆ లోపల కోడి చూడటానికి బాగానే వుంటుంది, కాని దాని రెట్టలోనూ చీమిడిలోనూ వైరస్ బయటపడుతూ వుంటుంది. చేపలు అమ్ముకోవటానికి లోపలి ఊళ్ళకు వెళ్ళిన ఆమె, తిరిగివచ్చేటప్పుడు చవగ్గా దొరికిన పెట్టను తట్టలో పెట్టుకుని తెచ్చుకుంటుంది. ఆ పెట్ట అంత చవగ్గా యెందుకు దొరికిందో వారం రోజులకు గాని తెలియదు.

యీ మాట కొంచెం గట్టిగానే చెప్పాలి. మన పల్లెల్లో కొక్కెర తెగులును ఊరూరా మోసేది గాలి కన్నా మన అమ్మకమే యెక్కువ. యింట్లో ఒక కోడి తూలగానే మిగిలినవాటిని యే ధరకైనా తోసేద్దామని సంతకో, మారుబేరగాడికో యిచ్చేస్తాము. ఆ కోళ్ళు నాలుగు ఊళ్ళ నాలుగు యిళ్ళకు పోతాయి. నష్టపోయే మనిషికి అది తప్పు అని చెప్పటానికి నాకు నోరు రాదు. చచ్చేదాన్ని కళ్ళముందు పెట్టుకుని ధర్మం ఆలోచించమంటే యెవరు వింటారు? కాని రేపు మన వాడలోకి వచ్చే తెగులు కూడా మరొకరు అలా అమ్ముకున్నదే. యిది ఆగాలంటే అసలు ఆ పరిస్థితి రాకుండా సూది పడాలి. వచ్చాక మంచి మాటలు పనిచేయవు.

సంక్రాంతి ముందు యీ రాకపోకలు మరీ యెక్కువ. డేగ, కాకి, సేతువ అని రంగు చూసి పుంజులు యెక్కడెక్కడినుంచో తెస్తారు. పందెం చట్టవిరుద్ధం, ఆ సంగతి అందరికీ తెలుసు, నేను మళ్ళీ చెప్పనక్కర్లేదు. నాకు కావలసింది ఒక్కటే. పండుగకు కొత్తగా వచ్చిన పుంజు గాని, కూతురింటినుంచి వచ్చిన పెట్ట గాని, యింట్లో కోళ్ళతో వెంటనే కలవకూడదు. రెండు మూడు వారాలు విడిగా వుంచి, యింట్లో కోళ్ళకు మేత వేసిన తరువాతనే దానికి వేయాలి. దానికి పెట్టిన చిప్ప వీటికి పెట్టకూడదు. ఉప్పాడలో విడిగా పెట్టటానికి చోటెక్కడిదని అడుగుతారు. సముద్రం కోసుకుపోగా మిగిలిన స్థలంలో గోడకు గోడ ఆనించి యిళ్ళు కట్టుకున్నారు. ఒక యింటి కోడి నాలుగు పెరళ్ళలో తిరుగుతుంది. నిజమే. అందుకనే నేను యిల్లు అనటం లేదు, వాడ అంటున్నాను.

బాతుల సంగతి కూడా మరచిపోరాదు. వరి కోతలయ్యాక బాతుల మందలు చేలోకి దిగుతాయి. కొక్కెర వైరస్ బాతును అంతగా బాధించదు గాని, బాతు దాన్ని మోయగలదు. బాతులు దిగిన మడుగులో కోళ్ళు నీళ్ళు తాగకుండా చూసుకోవాలి.

యిక సూది. మన దేశంలో పెద్ద కోళ్ళకు వేసే ఆర్‌టుబి అనే టీకా 1940 దశకంలో తయారయింది. కుమావూ కొండల్లోనే వున్న ముక్తేశ్వర్ పరిశోధనశాల పేరుమీద దాన్ని ముక్తేశ్వర్ రకం అని కూడా అంటారు. యిది కొంచెం గట్టి టీకా. ఆరు నుంచి యెనిమిది వారాలు దాటిన కోళ్ళకే వేయాలి. చిన్నపిల్లలకు వేస్తే టీకాయే జబ్బు చేస్తుంది. పిల్లలకు వేరే మెత్తని టీకాలున్నాయి, యెఫ్ రకం, లసోటా రకం అని. వాటిని పుట్టిన యేడో రోజు ప్రాంతాన కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క వేస్తారు. నాలుగో వారంలో మళ్ళీ ఒక చుక్క. యెనిమిది పది వారాల వయసులో రెక్క కింద చర్మంలోకి ఆర్‌టుబి అర మిల్లీలీటరు. ఆ తరువాత ఆరునెలలకో, తప్పితే యేడాదికో మళ్ళీ వేయించాలి. గుడ్లు పెట్టే పెట్టకు సూది పడితే కొన్ని రోజులు గుడ్డు తగ్గవచ్చు. దానికి కంగారు పడవద్దు.

యింత సులువైన పని మన పల్లెల్లో యెందుకు జరగటం లేదు? నాకు తోచిన కారణం చెబుతాను. టీకా సీసా 100 కోళ్ళకో 200 కోళ్ళకో సరిపడేటట్టు వస్తుంది. నీళ్ళు కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయవలసిందే. ఆరు కోళ్ళున్న యిల్లాలు వంద కోళ్ళ సీసా కొని యేం చేస్తుంది? ఫారం యజమానికి యీ లెక్క అడ్డం రాదు. మనకు వస్తుంది. పదిహేను యిళ్ళు కలిస్తేనే ఒక సీసా చెల్లుతుంది.

ఒకచోట జరిగింది చెబుతాను, ఊరు పేరు వద్దు. నేను యీ ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులు. ఒక వీధిలో కోళ్ళు చస్తున్నాయని కబురు రాగానే, పశువుల ఆస్పత్రిలో బతిమాలి, టీకా వేసే కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని అదే సాయంత్రం వెళ్ళాను. మంచి పని చేస్తున్నానని నా నమ్మకం. జబ్బు వున్న యిల్లు, లేని యిల్లు అని చూడలేదు. ఒకే సూదితో ఆ చివరినుంచి యీ చివరిదాకా వేయించాను. నాలుగో రోజునుంచి చావులు మొదలయ్యాయి. అప్పటిదాకా బాగున్న యిళ్ళలో కూడా పోయాయి. ఒక ముసలమ్మ నన్ను చూసి, "నీ సూది రాకముందు మా పెట్టలు బాగానే వున్నాయి నాయనా" అన్నది. నేను జవాబు చెప్పలేకపోయాను.

తరువాత పశువైద్యులు నాకు వివరించారు. సూది వేశాక కోడికి పూర్తి బలం రావటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. అప్పటికే లోపల వైరస్ వున్న కోడిని సూది కాపాడదు. పైగా జబ్బు కోడికి గుచ్చిన సూదే మంచి కోడికి గుచ్చితే, మన చేతులతో మనమే అంటించినట్టు. మా చెప్పులు, మా చేతులు కూడా ఒక గూటినుంచి మరొక గూటికి తిరిగాయి. అందుచేత ముసలమ్మ అన్న మాటలో సగం నిజమున్నది. విస్తరణ పనిలో వున్న మిత్రులకు యీ సంగతి మరీ మరీ చెబుతున్నాను. తెగులు కనబడిన వీధికి టీకా పెట్టెతో పరుగెత్తకండి. యింకా తెగులు లేని పక్క వాడనుంచి మొదలుపెట్టండి. సూదులు మారుస్తూ వుండండి. ఆ వీధిలో మళ్ళీ సూది మాట యెత్తటానికి నాకు రెండేళ్ళు పట్టింది.

అయితే యెప్పుడు వేయించాలి? సంక్రాంతి పుంజుల రాకపోకలు సద్దుమణిగాక, యెండలు ముదరకముందు, ఫిబ్రవరి నెల మంచిది. వేట నిషేధం నాటికి కోళ్ళకు బలం వచ్చి వుంటుంది. వారం ముందు నులిపురుగుల మందు తాగించాలి. పొట్టలో పురుగులున్న కోడికి టీకా సరిగా పట్టదు. వేసే వేళ తెల్లవారుజాము. తలుపు తీయకముందు కోళ్ళన్నీ గూట్లోనే వుంటాయి. పొద్దెక్కాక ఉప్పాడలో కోడిని పట్టాలంటే నలుగురు కుర్రాళ్ళు, గంటసేపు పరుగు, ఆ పరుగులో సగం కోళ్ళు తప్పించుకుంటాయి. వాడలో ఒక ఆమె ముందుగా యిల్లిల్లూ తిరిగి పెద్దవి యెన్ని, పిల్లలు యెన్ని అని లెక్క రాసుకుంటే యెన్ని సీసాలు కావాలో తేలుతుంది. పొదుపు సంఘాల ఆడవాళ్ళు యీ పని మనకన్నా బాగా చేస్తారు. లెక్క పట్టుకుని రైతు సేవా కేంద్రంలో వుండే పశుసంవర్ధక సహాయకుణ్ణిగాని, పశువుల ఆస్పత్రినిగాని కలిస్తే రోజు నిర్ణయిస్తారు.

టీకా చల్లగా వుండాలి. ఫ్రిజ్‌లో వుంచే చలువ, అంటే 2 నుంచి 8 డిగ్రీలు, దారి పొడుగునా వుండాలి. జేబులో పెట్టుకుని మోటారు సైకిలు మీద తెచ్చిన సీసాలో నీళ్ళే గాని టీకా వుండదు. సూది వేయించినా కోళ్ళు చచ్చాయనేవారి మాటల వెనక చాలాసార్లు యీ వేడి సీసాయే వుంటుంది. లోపలి ఊళ్ళలో ఐసు దొరకటం కష్టం. ఉప్పాడకు ఆ బెంగ లేదు, చేపల కోసం ఐసు యెప్పుడూ వుంటుంది. చేపల పెట్టెలో మాత్రం పెట్టకండి. శుభ్రమైన థర్మాస్ పెట్టెలో ఐసు వేసి, సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టండి. కలిపిన సీసాను కూడా ఐసు మీదనే వుంచి వేయాలి. టీకా చుక్క మన కంట్లో పడితే నాలుగు రోజులు కన్ను యెర్రబడుతుంది గనుక వేసేవారు చేతులు సబ్బుతో కడుక్కున్నాకనే ముఖం తుడుచుకోవాలి.

యిప్పుడు బర్డ్ ఫ్లూ. యిది కూడా వైరసే, కాని వేరే జాతి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో కోళ్ళు వేలకొద్దీ చచ్చినప్పుడు మొదట చాలామంది కొక్కెరే అనుకున్నారు. నమూనాలు భోపాల్ ప్రయోగశాలకు పంపగా తూర్పు గోదావరిలో పెరవలి మండలం కానూరు అగ్రహారం, పశ్చిమ గోదావరిలో తణుకు మండలం వేల్పూరు కోళ్ళలో హెచ్‌5ఎన్‌1 అని తేలింది. కిలోమీటరు లోపల కోళ్ళను చంపి పాతిపెట్టటం, 10 కిలోమీటర్ల మేర నిఘా పెట్టటం మీరు చూసే వుంటారు. కొక్కెర మనిషికి పెద్దగా హాని చేయదు. బర్డ్ ఫ్లూ అలా కాదు. ఆ యేడాదే మన రాష్ట్రంలో రెండేళ్ళ పసిబిడ్డ ఆ జబ్బుతో చనిపోయింది.

రెండింటికీ తేడా కంటితో చూసి చెప్పటం పశువైద్యుడికే కష్టం. బర్డ్ ఫ్లూలో జుట్టు, చెంపల కింద తిత్తులు ఉబ్బి నీలంగా మారవచ్చు, కాళ్ళ మీద యెర్రమచ్చలు రావచ్చు, యే లక్షణమూ లేకుండా రాత్రికి రాత్రి చావవచ్చు. కాబట్టి ఒకేసారి యెక్కువ కోళ్ళు చచ్చినా, కాకులో బాతులో కూడా చస్తున్నా, ముట్టుకోకుండా 1962 నంబరుకు ఫోను చేయండి. కోసి చూద్దామని గాని, చావబోయేదాన్ని కోసుకు తిందామని గాని అనుకోవద్దు. చెబితే మా కోళ్ళన్నీ చంపేస్తారని దాచిపెట్టేవారున్నారు. పరిహారం చంపించిన కోళ్ళకు వస్తుంది గాని, చెప్పకుండా వుంచుకుని చచ్చిపోయినవాటికి రాదు. సూది సక్రమంగా వేయించిన వాడలో మరొక లాభం కూడా వున్నది. అక్కడ కోళ్ళు గుంపుగా చస్తే అది కొక్కెర కాకపోవచ్చునన్న అనుమానం మొదటి రోజే వస్తుంది.

చచ్చిన కోడిని యేం చేయాలి? సముద్రంలో పారవేయటం, యిసుకలో పైపైన పాతటం ఉప్పాడలో మామూలు. ఒడ్డును కెరటం రోజూ కోస్తున్న చోట పాతింది మర్నాటికి బయటపడుతుంది, కుక్కలు వీధుల్లోకి లాక్కొస్తాయి. కెరటం అందని మెరక మీద మోకాలి లోతు కన్నా యెక్కువ గొయ్యి తీసి, సున్నం చల్లి, పైన ముళ్ళకంప వేయాలి. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని పట్టుకోండి. గూటిలో రెట్ట గోకి అదే గోతిలో వేసి, గూటిని సబ్బునీళ్ళతో కడిగి, సున్నం పూసి, నాలుగు రోజులు యెండనివ్వండి. వైరస్ చల్లని తడి రెట్టలో చాలా రోజులు నిలుస్తుంది, యెండకు నిలవలేదు. మళ్ళీ కోళ్ళు పెట్టటానికి నెలన్నర, రెండు నెలలు ఆగటం మంచిది.

ఒక చిన్న సంగతి మిగిలింది. వాడలో సూది పడ్డాక మరునాటినుంచే కొత్త పిల్లలు పుడుతూ వుంటాయి. వాటికి సూది లేదు. ఫిబ్రవరిలో అందరం వేయించాము గదా అని వూరుకుంటే మే నెలకు వాడలో సగం కోళ్ళు సూది యెరగనివే అవుతాయి. పొదుగుకు గుడ్లు పెట్టిన రోజే గోడమీది క్యాలెండరులో గీత పెట్టుకోండి. 21 రోజులకు పిల్లలు, మరి యేడు రోజులకు కంటిచుక్క. వాడలో నలుగురు ఆడవాళ్ళు మాట్లాడుకుని ఒకే వారంలో పెట్టలను పొదిగేస్తే, ఆ పిల్లలన్నింటికీ ఒక్క సీసా చాలుతుంది.